గూడు చూసి పేరు పెట్టవచ్చా?



గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో మిరప వేసే రైతును ఎవరినైనా అడగండి. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు అంటారు. కిందికి ముడుచుకుంటే నల్లి అంటారు. పై ముడత, కింది ముడత. ఈ రెండు మాటలు ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. పురుగు కంటికి సరిగా ఆనదు. అందుకని అది ఆకుకు చేసిన చెరుపును బట్టి దాని పేరు చెప్పుకుంటూ వచ్చాం. చాలా ఏళ్లు ఆ లెక్క సరిపోయింది.

2021లో సరిపోలేదు.

ఆ ఏడాది మొదట్లో గుంటూరు జిల్లాలో కొన్ని మిరప చేలల్లో పూత లోపల సన్నటి నల్లటి పురుగులు కనిపించాయి. ఒక్కో పువ్వులో గుంపులు గుంపులుగా ఉన్నాయి. పూత రాలిపోయింది. నిలిచిన పిందె గిడసబారింది. 2021-22 పంట కాలం వచ్చేసరికి ఆ పురుగు ఇటు ఆంధ్రలోనూ, అటు తెలంగాణలోనూ మిరప తోటలను చుట్టేసింది. తామర పురుగే కదా అని అందరూ అలవాటైన మందులే కొట్టారు. మోతాదు పెంచి కొట్టారు. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. తగ్గలేదు. చాలా చోట్ల కాపు మీద ఉన్న తోటలను రైతులు తమ చేతులతోనే పీకేశారు. కౌలుకు తెచ్చిన భూమి, అప్పుకు తెచ్చిన పెట్టుబడి. ఆ బాధ ఈ రేడియో వింటున్న వాళ్లలో ఎంతోమందికి స్వయంగా తెలుసు.

మరి ఆ పురుగు ఎవరు? రైతులు దాన్ని నల్ల తామర పురుగు అన్నారు. మంచి పేరే. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు త్రిప్స్ పార్విస్పైనస్. 1922లో కార్నీ అనే శాస్త్రజ్ఞుడు థాయ్‌లాండ్ పురుగును చూసి ఆ పేరు పెట్టాడు. ఇండోనేషియా మిరప రైతులకు అది పాత శత్రువు. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది బెంగళూరు బొప్పాయి తోటల్లో. కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రజ్ఞులు 2015లో ఆ సంగతి ప్రకటించారు. అంటే మన చేలల్లో పడటానికి ఆరేళ్ల ముందే దాని పేరు, ఊరు తెలుసు.

వాళ్లు ఎలా గుర్తించారన్నదే ఈ రోజు నేను చెప్పదలుచుకున్న విషయం. వాళ్లు రెండు పనులు చేశారు. మొదటిది, పురుగు శరీరాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. రెండోది, దాని జన్యువును చదివారు. రెండూ ఒకే మాట చెప్పాయి. అప్పుడే పేరు ఖాయం చేశారు. రూపం ఒకటి, జన్యువు ఒకటి. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగమంతా వీటి మీదే నడుస్తుంది.

ముందు రూపం సంగతి. మన పాత తామర పురుగు లేత పసుపు రంగులో ఉంటుంది. దాని పేరు సిర్టోత్రిప్స్ డార్సాలిస్. కొత్తదానిలో ఆడపురుగు ముదురు గోధుమ, నలుపు రంగు. మగది మాత్రం చిన్నగా, పసుపుగా ఉంటుంది. చూశారా, ఇక్కడే ఒక చిక్కు ఉంది. రంగు ఒక్కటే చూసేవాళ్లకు కొత్తదానిలోని మగపురుగు పాత పురుగులాగే కనిపిస్తుంది. అందుకని శాస్త్రజ్ఞులు రంగును నమ్మరు. మీసాల కణుపులు లెక్కపెడతారు. పాతదానికి ఎనిమిది, కొత్తదానికి ఏడు. రెక్క మీద వెంట్రుకల వరస చూస్తారు. పొట్ట కింది పలకల మీద ఎక్కడెక్కడ వెంట్రుకలున్నాయో చూస్తారు. మొత్తం పురుగు ఒక మిల్లీమీటరు ఉంటుంది. అందులో ఇన్ని గుర్తులు.

ఇక జన్యువు. ప్రతి జీవి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. అది నాలుగే నాలుగు రకాల అక్షరాలతో రాసిన పొడవాటి వరస. అందులో సుమారు 650 అక్షరాల చిన్న ముక్క ఒకటుంది. అది సీఓఐ అనే జన్యువులోని భాగం. దాదాపు ప్రతి జంతువులోనూ అది ఉంటుంది. ఒకే జాతిలో అది దాదాపు ఒకేలా ఉంటుంది. జాతి మారితే అక్షరాలు మారతాయి. 2003లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ బృందం ఈ ముక్కతో జంతువులను గుర్తించవచ్చని ప్రతిపాదించింది. పిల్ల పురుగైనా, తెగిన కాలైనా, ఆ ముక్క దొరికితే చాలు. అది ఏ జాతిదో తేల్చవచ్చు.

అలాంటప్పుడు రూపం ఎందుకు, జన్యువు ఒక్కటే చూస్తే సరిపోదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే మిమ్మల్ని మిరప చేలోంచి చెరువు గట్టుకు తీసుకెళ్లాలి.

అమీబా పేరు మీరు బళ్లో వినే ఉంటారు. ఒకే కణం. స్థిరమైన ఆకారం లేదు. ఒళ్లు ఎటు సాగితే అటు కదులుతుంది. అయితే బళ్లో ఎక్కువగా చెప్పని సంగతి ఒకటుంది. అమీబాల్లో గూడు కట్టుకునేవి కూడా ఉన్నాయి. చెరువు పాచిలో, కాలువ అడుగు బురదలో, తడి నాచులో, చేలో మట్టిలో కూడా బతుకుతాయి. గూడు పరిమాణం చాలావాటికి మిల్లీమీటరులో పదో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. ఆ గూటికి ఒక నోరు ఉంటుంది. అమీబా ఆ నోట్లోంచి పాదం బయటికి చాచి నడుస్తుంది. బాక్టీరియాను, సన్నటి నాచును తింటుంది. ఎండిపోయే రోజులొస్తే గూట్లోకి ముడుచుకుని పడుకుంటుంది.

ఆ గూళ్లు ఎంత అందంగా ఉంటాయో చెప్పలేను. ఆర్సెల్లా అనే దాని గూడు గొడుగు కప్పులా గుండ్రంగా ఉంటుంది. తన ఒంట్లోంచి వచ్చే మాంసకృత్తుతోనే కట్టుకుంటుంది. కొత్త గూడు తేటగా ఉంటుంది. పాతబడేకొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. డిఫ్లూజియా అనేది ఇసుక రేణువులు ఏరుకొచ్చి ఒకదాని పక్కన ఒకటి అతికించి గూడు కడుతుంది. ఇది రెండుగా చీలే ముందు ఏం చేస్తుందో తెలుసా? పుట్టబోయే పిల్లకు గూడు కావాలి కదా. అందుకని ముందే ఇసుక రేణువులు మింగి ఒంట్లో దాచుకుంటుంది. చీలేటప్పుడు ఆ రేణువులతో పిల్లకు కొత్త గూడు తయారవుతుంది. యూగ్లిఫా అనే ఇంకొకటి ఇసుక కోసం వెతకదు. నీళ్లలో కరిగి ఉన్న సిలికాను పీల్చుకుని, ఒంట్లోనే సన్నటి పలకలు చేసుకుని, వాటిని పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. ఒక్క కణం చేసే పని ఇది. మెదడు లేదు, చెయ్యి లేదు, కన్ను లేదు.

ఈ జీవులను మనుషులు రెండు వందల ఏళ్లుగా చూస్తున్నారు. డిఫ్లూజియాను 1815లో ఫ్రాన్సులో లెక్లెర్క్ వర్ణించాడు. మన దేశంలో బొంబాయిలో సర్జనుగా పనిచేసిన హెన్రీ జాన్ కార్టర్ 1850లలోనే అక్కడి మంచినీటి అమీబాలను చూసి రాశాడు. వాళ్లందరికీ కనిపించింది గూడు. చనిపోయినా మిగిలేది గూడు. అందుకని గూడు చూసి పేరు పెట్టారు. ఇసుక గూడు వాళ్లంతా ఒక గుంపు, పలకల గూడు వాళ్లంతా ఒక గుంపు. గూడున్న వాళ్లంతా కలిసి ఒక పెద్ద వంశం.

మన ఊళ్ల సంగతి ఒకసారి తలచుకోండి. మాచర్ల వైపు వెళితే నాపరాతితో ఇళ్లు కడతారు. సముద్రం ఒడ్డున చీరాల వైపు తాటాకు ఇళ్లు ఉండేవి. ఒక తల్లి బిడ్డలు ఇద్దరిలో ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ స్థిరపడితే, వాళ్ల ఇళ్లు ఒకలా ఉంటాయా? ఎక్కడ ఏది దొరికితే దానితో కట్టుకుంటారు. అలాగే ఒకే వీధిలో ఒకే మేస్త్రి కట్టిన రెండు డాబాలు ఒకేలా ఉన్నంత మాత్రాన, లోపలివాళ్లు అన్నదమ్ములు కారు. ఇల్లు చూస్తే చాలా తెలుస్తుంది. అక్కడి నేల తెలుస్తుంది, ఉన్నవాళ్ల స్థోమత తెలుస్తుంది. వంశం మాత్రం ఇల్లు చూసి చెప్పలేం.

అమీబాల విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 1990ల నుంచి వీటి జన్యువులు చదవడం మొదలైంది. చదివేసరికి ఆ పెద్ద వంశం రెండుగా చీలిపోయింది. ఆర్సెల్లా, డిఫ్లూజియా ఒక వైపు వెళ్లాయి. అవి గూడు లేని మామూలు అమీబాకు బంధువులు. ఇది 2005 నాటికి జన్యువులతో గట్టిపడింది. పలకల గూడు కట్టే యూగ్లిఫా ఇంకో వైపు వెళ్లింది. అది సముద్రంలో బతికే ఫోరామినిఫెరా అనే గూటి జీవులకు దగ్గర. ఆర్సెల్లాకూ యూగ్లిఫాకూ మధ్య దూరం చాలా పెద్దది. గూడు కట్టే విద్య ఈ రెండు వంశాల్లో విడివిడిగా పుట్టింది. గూడు ఒక్కటే చూసినవాళ్లు బంధుత్వం లేని చోట బంధుత్వం కలిపారు.

ఇందులో ఒక ముచ్చట ఉంది. గూటిని పక్కనపెట్టి పాదాలను చూసినవాళ్లు ఈ తేడాను ముందే అనుమానించారు. ఆర్సెల్లా పాదాలు వేళ్లలా లావుగా, మొద్దుగా ఉంటాయి. యూగ్లిఫా పాదాలు దారపు పోగుల్లా సన్నగా ఉంటాయి. జన్యువు చెప్పిన మాటను పాదం కూడా చెప్పింది. అంటే తప్పు రూపం చూడటంలో లేదు. ఏ రూపం చూడాలో తెలియకపోవడంలో ఉంది.

గూడు మోసం చేసే తీరు ఇంకొకటి ఉంది. అమెరికాలో హెర్బర్ట్ స్పెన్సర్ జెన్నింగ్స్ అనే శాస్త్రజ్ఞుడు డిఫ్లూజియా కరోనా అనే అమీబాను పెంచాడు. దాని గూటి నెత్తిన ముళ్లుంటాయి. 1916లో ఆయన తన ఫలితాలు ప్రచురించాడు. ఒకే అమీబా నుంచి చీలుతూ వచ్చిన సంతానంలోనే ముళ్ల సంఖ్య మారుతూ వచ్చింది. ఎక్కువ ముళ్లవాటిని, తక్కువ ముళ్లవాటిని వేరుచేసి తరతరాలు పెంచితే, అవి రెండు వేరు వేరు వరసలుగా తయారయ్యాయి. తల్లి ఒకటే. గూళ్లు వేరు. ముళ్లు లెక్కపెట్టి జాతి పేరు పెట్టేవాడికి ఇక్కడ రెండు జాతులు కనిపిస్తాయి.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. నాచు నేలల్లో బతికే హయలోస్ఫీనియా పాపిలియో అనే అమీబా ఉంది. దాని గూడు చూస్తే ఎక్కడైనా ఇట్టే గుర్తుపట్టవచ్చు. అందరూ ఒకే జాతి అనుకున్నారు. జన్యువులు చదివితే ఆ ఒక్క పేరు కింద పదికి పైగా వేరు వేరు వంశాలు బయటపడ్డాయి. ఇక్కడ గూళ్లు ఒకటే. తల్లులు వేరు.

మరి గూటిని అవతల పారేద్దామా? వద్దు. 2019లో బ్రెజిల్‌లోని సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన డానియల్ లార్ బృందం ఒక పెద్ద పని చేసింది. ఆర్సెల్లా, డిఫ్లూజియా వంశంలో ఒక్కొక్క కణాన్ని పట్టుకుని వందల జన్యువులు చదివింది. వంశవృక్షం గీసింది. ఆ వృక్షం పక్కన గూళ్లను పెట్టి చూసింది. అప్పుడు తేలింది ఏమిటంటే, గూటి మొత్తం ఆకారం, నోరు ఉన్న తీరు వంశాన్ని చాలావరకు నిజంగానే చెబుతున్నాయి. దాని మీద అతికించిన రేణువులు ఏవన్నది అంతగా చెప్పడం లేదు. అక్కడితో ఆగలేదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ రాళ్లలో 73 కోట్ల ఏళ్ల నాటి సన్నటి కూజా ఆకారపు శిలాజాలు ఉన్నాయి. వాటిలో జన్యువు మిగలలేదు. మిగిలింది గూడే. బతికున్నవాటి జన్యువులతో గూళ్లను సరిచూసుకున్నారు కాబట్టే, ఆ పాత గూళ్లు ఈ వంశం పూర్వీకులవని చెప్పగలుగుతున్నారు. మన కృష్ణా గోదావరి ప్రాంతంలో చమురు కోసం బావులు తవ్వేటప్పుడు పైకొచ్చే రాతిముక్కల్లో ఫోరామినిఫెరా గూళ్లు చూసి ఆ పొర ఏ కాలానిదో లెక్కకడతారు. అక్కడ కూడా చేతికి దొరికేది గూడు ఒక్కటే.

కాబట్టి శ్రోతలారా, మళ్లీ చెబుతున్నాను. రూపం ఒక్కటే చాలదు. జన్యువు ఒక్కటే చాలదు. రెంటినీ ఎదురెదురుగా పెట్టి చూడాలి.

ఇప్పుడు చెరువు గట్టు దిగి పత్తి చేలోకి వెళదాం. తెల్లదోమ గురించి మాట్లాడుకుందాం. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతును తెల్లదోమ ఎంత ఏడిపించిందో పెద్దవాళ్లకు గుర్తుంది. ఆకు అడుగున తెల్లగా, కదిలిస్తే పొగలా లేచేది. ఆకు మీద తేనె బంక, దాని మీద మసి. ఆ వెనకే 1987-88లో శనగపచ్చ పురుగు వచ్చింది. ఆ ఏడాది ఈ నేల మీద పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పైరిత్రాయిడ్ మందులను విచక్షణ లేకుండా వాడటం ఆ రెండు విపత్తులకూ ఒక పెద్ద కారణం. మందుకు లొంగని పురుగులే మిగిలాయి. వాటిని తినే మిత్ర కీటకాలు చచ్చిపోయాయి.

తెల్లదోమకు కూడా గూడు ఉంది. చాలామంది గమనించరు. పిల్ల పురుగు ఆకు అడుగున ఒక చోట అతుక్కుని కూర్చుంటుంది. చివరి దశలో దాని చర్మమే ఒక చిన్న పసుపు పెట్టెలా అవుతుంది. రెక్కల దోమ దాన్ని చీల్చుకుని బయటికొస్తుంది. ఖాళీ పెట్టె ఆకుకే మిగిలిపోతుంది. రెక్కల దోమలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకని ప్రపంచమంతా తెల్లదోమ జాతులను ఈ ఖాళీ గూడు చూసే నిర్ణయిస్తూ వచ్చారు. సరిగ్గా అమీబాలకు చేసినట్టే.

సరిగ్గా అలాగే పప్పులో కాలేశారు కూడా. 1889లో గ్రీసులో పొగాకు మీద దొరికిన తెల్లదోమకు గెన్నాడియస్ ఒక పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని బెమీషియా టబాకి అంటున్నాం. మన దేశంలో పత్తి మీద దొరికినదానికి మిశ్రా, లాంబా అనే శాస్త్రజ్ఞులు 1929లో బెమీషియా గాసిపీపర్డా అని ఇంకో పేరు పెట్టారు. గూటి మీద వెంట్రుకలు తేడాగా ఉంటే చాలు, ఒక్కో దేశంలో ఒక్కో కొత్త పేరు పుట్టింది. 1957లో అమెరికాలో లూయీజ్ రసెల్ అనే శాస్త్రజ్ఞురాలు వాటిలో పదికి పైగా పేర్లను కలిపి, ఇవన్నీ ఒకటేనంది. 1963లో లారెన్స్ మౌండ్ అసలు కారణం చూపించాడు. ఒకే వంశం తెల్లదోమను వేర్వేరు మొక్కల మీద పెంచాడు. నూగు ఉన్న ఆకు మీద పెరిగినదాని గూటికి పొడవాటి వెంట్రుకలొచ్చాయి. నున్నటి ఆకు మీద పెరిగినదాని గూడు నున్నగా ఉంది. ఆకును బట్టి గూడు మారింది. దోమ మారలేదు.

అయితే అప్పుడు చేసిన కలుపుడు కూడా చివరి మాట కాలేదు. 1980ల చివర్లో అమెరికా పొలాల్లో బెమీషియా టబాకి ఒక్కసారిగా విజృంభించింది. దాని దెబ్బకు గుమ్మడి జాతి ఆకులు వెండిలా తెల్లబడ్డాయి. గూడు చూస్తే పాత దోమే. జన్యువు చూస్తే వేరు. తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి తెచ్చిన తెల్లదోమల సీఓఐ జన్యువులో ఒక ముక్కను చదివారు. ఆ ముక్కలోని అక్షరాల్లో నూటికి మూడున్నరకు మించి తేడా ఉంటే వేరే జాతి అన్న లెక్క పెట్టుకున్నారు. 2011 నాటికి ఒక్క పేరు కింద కనీసం 24 జాతులు ఉన్నాయని తేలింది. ఇప్పుడు ఆ లెక్క 40 దాటింది. వెండాకు తెచ్చిన ఆ బయటి దోమ 1999లో మనకు దగ్గర్లోనే, కర్ణాటకలోని కోలారులో టమాటా మీద దొరికింది. పత్తి ఆకుముడత వైరస్‌తో పంజాబ్ వైపు నష్టపరిచే ఏషియా 2-1 అనే రకం ఒకటి. మన దక్షిణాదిన ఎక్కువగా కనిపించే ఏషియా 1 రకం ఇంకొకటి. గూడు చూసి వీటిని విడదీయలేం. కానీ వైరస్‌ను మోసే తీరులో, మందును తట్టుకునే శక్తిలో వీటి మధ్య తేడాలున్నాయి. మిరపలో ఆకుముడత వైరస్‌ను, అంటే మనం బొబ్బర అనేదాన్ని, మోసుకొచ్చేది కూడా తెల్లదోమే. కాబట్టి ఇది మిరప రైతుకు కూడా సంబంధించిన మాటే.

మరి జన్యువు తప్పు చెప్పదా? చెబుతుంది. తెల్లదోమల్లో మధ్యప్రాచ్యం, ఆసియా మైనర్ ప్రాంతపు రెండో రకం అని ఒక కొత్త జాతిని లెక్కలో చేర్చారు. 2017లో జాగ్రత్తగా చూస్తే అసలు అలాంటి దోమే లేదు. అసలు జన్యువుకు నకలుగా కణంలో ఇంకో చోట మిగిలిపోయిన పనికిరాని ముక్కను పొరపాటున చదివారు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. తెల్లదోమ గూటి లోపల పరాన్నజీవి కందిరీగ పిల్ల ఉంటే, దాని జన్యువు వచ్చిపడవచ్చు. అమీబా కడుపులో నాచు ఉంటే నాచు జన్యువు రావచ్చు. అందుకే మంచి ప్రయోగశాలల్లో పురుగు శరీరం చెడకుండా డీఎన్‌ఏ తీస్తారు. తీశాక శరీరాన్ని గాజు పలక మీద భద్రపరుస్తారు. రేపు అనుమానం వస్తే మళ్లీ రూపం చూసుకోవచ్చు. అమీబాను కూడా ముందు గూటితో ఫొటో తీసి, ఆ తర్వాతే కణాన్ని జన్యు పరీక్షకు వాడతారు. 2012లో గెన్నాడియస్ కాలం నాటి తెల్లదోమ నమూనా నుంచి డీఎన్‌ఏ తీసి, ఆ పాత పేరు నిజంగా ఏ దోమకు చెందుతుందో తేల్చగలిగారు. నూట ఇరవై ఏళ్లకు పైగా ఎవరో ఆ నమూనాను జాగ్రత్తగా దాచబట్టే అది కుదిరింది.

మన పాత తామర పురుగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇంతసేపూ పాతది ఒకటే అన్నట్టు మాట్లాడాను. 2015లో వచ్చిన పరిశోధన ప్రకారం ఆ ఒక్క పేరు కింద కూడా కనీసం తొమ్మిది రహస్య జాతులు ఉన్నాయి.

ఇన్ని సంగతులు విన్నాక, జన్యు పరీక్ష మేం చేయించగలమా అని మీరు అనుకోవచ్చు. పరీక్ష మీ పని కాదు. అది ప్రయోగశాల పని. కానీ ఆ పరీక్షకు దారి తీసేది మీ చేయి. 2021లో కొత్త పురుగును ముందు చూసింది రైతు కళ్లే. కొత్తగా కనిపించిన పురుగును పాత పేరుతో పిలిచి మందు కొట్టిన రోజే మనం సగం ఓడిపోయాం. అలాంటప్పుడు పురుగుమందు దుకాణంలో చెప్పిన డబ్బా కొనడం కంటే ఒక్క రోజు ఆగడం మేలని నా గట్టి నమ్మకం.

ఆగి ఏం చేయాలి? ముందు మీరే చూడండి. తక్కువ ధరకు దొరికే చిన్న భూతద్దం కూడా మొదటి చూపుకు పనికొస్తుంది. మిరప పూతను తెల్ల కాగితం మీద దులపండి. నల్లగా సన్నగా పరిగెత్తేవి ఉన్నాయేమో చూడండి. ఆకులో ఉన్నవి వేరు, పూతలో ఉన్నవి వేరు. రెండూ విడిగా తీయండి. నల్లికి ఎనిమిది కాళ్లు, పురుగుకు ఆరు కాళ్లు. నల్లి మందు పురుగుకు పని చేయకపోవచ్చు, పురుగు మందు నల్లికి పని చేయకపోవచ్చు.

పత్తిలో అయితే కింది ముదురాకులు తిప్పి చూడండి. తెల్లదోమ ఖాళీ గూళ్లు అక్కడే ఉంటాయి. ఆ గూళ్లలో రెండు రకాల రంధ్రాలు కనిపిస్తాయి. గూడు అడ్డంగా, నిలువుగా చీలి ఉంటే, ఇంగ్లీషు టీ అక్షరంలా చీలి ఉంటే, దాంట్లోంచి తెల్లదోమ ఎగిరిపోయింది. గుండ్రటి రంధ్రం ఉంటే దాంట్లోంచి వచ్చింది తెల్లదోమ కాదు. దాన్ని లోపలే తినేసి బయటికొచ్చిన సన్నటి మిత్ర కందిరీగ. గుండ్రటి రంధ్రాలు బాగా కనిపిస్తున్న చేలో ఘాటు మందు కొడితే మీ కోసం పని చేస్తున్నవాటినే చంపుకుంటారు. చీలిక అయితే దోమ. గుండ్రం అయితే మిత్రుడు. ఇది గూడు చదవడమే. మీ పొలంలో మీరే చదవగలిగింది.

ఇక నమూనా తీసే పద్ధతి. తడిపిన సన్న బ్రష్‌తో పురుగులను చిన్న గాజు సీసాలోకి దించండి. సీసాలో ఘాటైన ఆల్కహాలు ఉండాలి. నీళ్లు ఎక్కువ కలిసినది ఉంటే డీఎన్‌ఏ చెడిపోతుంది. ఫార్మలిన్ అసలు వద్దు. ఆల్కహాలు దొరకకపోతే పురుగుతో ఉన్న పూతను, ఆకును సంచిలో పెట్టి, ఎండ తగలకుండా, ఆ రోజే తీసుకెళ్లండి. ఖాళీ గూళ్లున్న ఆకును కాగితాల మధ్య ఆరబెట్టినా చాలు, రూపం చూడటానికి పనికొస్తుంది. కాగితం ముక్క మీద పెన్సిలుతో ఊరు, పంట, తేదీ, అంతకుముందు కొట్టిన మందు రాసి లోపల వేయండి. పెన్నుతో రాస్తే ఆల్కహాలులో సిరా కరిగిపోతుంది.

ఆ సీసాను మీ గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. గుంటూరు వైపువాళ్లు లాం పరిశోధన స్థానానికి, ప్రకాశం వైపువాళ్లు దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లవచ్చు. ఏ పురుగో తేలకపోతే బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థకు పంపమని అక్కడివాళ్లను అడగండి. అడగడానికి మొహమాటపడకండి. వచ్చే పూత కాలానికి ఇంట్లో ఒక సీసా, ఒక బ్రష్, ఒక భూతద్దం సిద్ధంగా పెట్టుకోండి. కొత్త పురుగు కనిపించిన రోజున మందు డబ్బా మూత తీయకముందే ఆ సీసా మూత తీయండి.